వరు కొండ మీద నాలుగు గాలులు

వాయవ్యం నుంచి కుకి గాలి తిరిగే రోజుల్లో సముద్రాన్ని నమ్మడానికి లేదు. మోగా పడవ కట్టు విప్పినప్పుడు నీళ్లు నూనె పోసినట్టు పడుకుని ఉన్నాయి. రేకు పడవ, వెనక ఒక మోటారు. ముందు భాగంలో జిప్పోరా అత్త, ఆమె చుట్టూ కొత్త చాపలు, పూల గుడ్డల మూటలు. ఆమె పెనిమిటి సమాధి రాయికి ముసుగు తీసే పండగ శనివారం. ఆయన పోయి చాలా కాలమైనా రాయి ఇప్పటికి వచ్చింది. ఆమె రాకుండా ఆ ముసుగు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. సాయంత్రానికి పండగ జరిగే దీవికి చేరవలసిన పడవ చేరలేదు. రాత్రంతా ఉరుములు, వాన. తెల్లవారి మబ్బు కాస్త పలచబడ్డాక కూడా చేరలేదు.

దలాసా మోగాకు అక్క. థర్స్‌డే దీవిలో రేడియో ఆఫీసులో ఆమె ఉద్యోగం. దూరాన దీవుల కొండల మీద గుడిసెల్లో ఉన్న యంత్రాల బాగోగులు ఇక్కడ కుర్చీలో కూర్చునే చూస్తుంది. ఆ పొద్దున ఇంటికి పొమ్మన్నారు.

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను, గోడలు చూడనా" అంది. మళ్లీ ఎవరూ పొమ్మనలేదు.

వెతుకులాట నడిపే పోలీసు సార్జెంటు ట్రూడీ తన సముద్ర పటం తెచ్చి ఆ ఆఫీసులోనే బల్ల మీద పరిచింది. పెద్ద ఊరి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మాట గట్టిది, నడక నెమ్మది. కుకి వాయవ్యం నుంచి వీస్తుంది కనక మోటారు ఆగిన పడవ ఆగ్నేయానికి కొట్టుకుపోతుందని ఆమె లెక్క. విమానాన్ని అటే పంపింది. అదే ఎవరైనా వేసే లెక్క. దలాసా కూడా అదే వేసుకుంది.

"మోగా దగ్గర చేతి రేడియో ఉందా?" అడిగింది ట్రూడీ.

"ఉంది. బ్యాటరీ ఏపాటిదో తెలీదు. ఆ రేడియో మాట ఎక్కువ దూరం పోదు. వరు కొండ మీద చెవులకి తప్ప ఇంకెవరికీ వినపడదు."

"మరి కొండ ఏం విన్నదో అడుగు."

అడగడానికే పొద్దుటి నుంచి కూర్చుంది దలాసా.

వరు కొండ మీద రేకుల గుడిసె, ఎండ పలకలు, నాలుగు దిక్కులకీ నాలుగు యాంటెనాలు. ఒక్కొక్క యాంటెనా వెనక ఒక్కొక్క యంత్రం. అవి పెట్టిన డెస్ అనే ఆయన వాటికి అంకెలు వేశాడు. గుడిసె కాపలా చూసే ఎలిమో మావయ్య ఒప్పుకోలేదు. "అంకె ఏసి పిలిస్తే ఎవుడు పలుకుతాడు? ఏది ఎటు చూస్తందో ఆ గాలి పేరే పెట్టు" అన్నాడు. అట్లా అవి సాగెర్, కుకి, నైగై, జెయ్ అయ్యాయి. సాగెర్ ఆగ్నేయానికి చెవి పెట్టి ఉంటుంది, కుకి వాయవ్యానికి, నైగై ఉత్తరానికి, జెయ్ నైరుతికి. సముద్రం మీద ఎవరు రేడియోలో మాట్లాడినా ఆ మాట పట్టుకుని దాచడం వాటి పని. ఎండ పలకల కరెంటు అంతంత మాత్రం కాబట్టి డిస్కులు ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాయి. విన్న మాటల్ని యంత్రం నోట్లోనే పెట్టుకుని, నోరు నిండాక డిస్కుని లేపి రాస్తుంది.

కొండ విన్నది ఊరికి చేర్చే రేడియో దారి రాత్రి పిడుగుకి పోయింది. మిగిలినవి టెలిఫోను తీగలు మాత్రమే. ఆ యంత్రాలకు తెర లేదు, కీబోర్డు లేదు. ఒక్కొక్క దాని వీపు నుంచి ఒక సన్నని సీరియల్ తీగ బయలుదేరి, నాలుగూ ఒక చిన్న పెట్టెలో కలుస్తాయి. దాన్ని కన్సోల్ పెట్టె అంటారు. ఆ పెట్టెకి ఇక్కడి నుంచి ఫోను కలిపి ఏ యంత్రం కావాలో చెబితే, దాని గొంతు ఇక్కడి తెర మీదికి వస్తుంది. బొమ్మలు లేవు, రంగులు లేవు. అక్షరాలు మాత్రం. యంత్రం ఆరోగ్యంగా ఉన్నా, రోగంతో ఉన్నా, ఇంకా కళ్లు తెరవకపోయినా ఆ తీగ మీద మాట్లాడుతుంది.

దలాసా ఎన్నేళ్లు చేసినా ఆ పనిలో ఒకటి ఆమెకు పాతబడలేదు. తెర మీద కనిపించేది ఆమె నొక్కిన అక్షరం కాదు. ఆమె నొక్కింది సముద్రం దాటి, కొండ ఎక్కి, యంత్రం దగ్గరకు పోతుంది. యంత్రం దాన్ని అందుకుని, అందిందని తిప్పి పంపుతుంది. తిరిగి వచ్చిన అక్షరమే కనబడుతుంది. అంటే తెర మీద ఒక అక్షరం ఉందంటే అవతల ఒకరు ఉన్నట్టు.

ఆ పొద్దున ఏ అక్షరమూ రాలేదు. పెట్టె ఫోను ఎత్తుతోంది, పలకడం లేదు.

గుడిసెలో గోడకి వేరే తీగ మీద ఇంకో ఫోను ఉంది. తెల్లవారక ముందే ఎలిమో కొండెక్కి కూర్చున్నాడు. ఆమె ఆ ఫోను మోగించింది.

"ఏటే పిల్లా, మళ్లీ ఆ పెట్టె చెవి మెలెయ్యాలా?" అన్నాడు.

"ఎలా తెలిసింది మావా?"

"నువ్వు ఫోను సేసేది దానికోసమే కదేటి. నేనెలా ఉన్నానో అడగడానికి ఏనాడు సేసావు?"

"ఎలా ఉన్నావు మావా?"

"తడిసిపోయాను. సెప్పు, ఏ మీట?"

"ఎర్ర దీపం ఉన్న చిన్న పెట్టె. వెనక మీట నొక్కి ఆర్పు. కాసేపాగి వెలిగించు. పెద్ద యంత్రాలు ముట్టుకోకు."

"ముట్టుకోనులే. అవి నాకంటే పెద్దోళ్లు."

మీట టక్కున ఆరిన చప్పుడు, మళ్లీ వెలిగిన చప్పుడు ఫోనులో వినపడ్డాయి. దలాసా పెట్టెకు ఫోను కలిపింది. ఈసారి పలికింది. అందరి ఆశా ఆగ్నేయం మీద ఉంది కనక సాగెర్‌ని ఇమ్మని అడిగింది. తెర మీద ఒకే ఒక మాట వచ్చి నిలబడింది.

ఓకే.

ట్రూడీ ఆమె భుజం మీదుగా చూసి, "అమ్మయ్య, ఓకే అంటోంది" అంది.

దలాసా ఆగకుండా కుకిని అడిగింది. ఓకే. నైగై. ఓకే. జెయ్. ఓకే. కుర్చీ వెనక్కి జరిపి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఏమైంది దల్?"

"నాలుగూ ఆగిపోయాయి. నేనే ఆపేశాను."

"ఓకే అంటున్నాయి కదా."

"ఆగిపోయినప్పుడే అంటాయి ఆ మాట. పని చేసేటప్పుడు ఎందుకంటాయి, పనిలో ఉంటాయి."

ఆ రకం యంత్రాలకు ఒక అలవాటు ఉంది. వీపు తీగ మీద అలికిడి ఒక్కసారిగా చచ్చిపోయి కాసేపు అట్లాగే ఉంటే, యజమాని ఆగమని చెయ్యెత్తాడని అవి అనుకుంటాయి. ఎక్కడివక్కడ ఆపి, ఏం చెయ్యమంటావో చెప్పు అని నిలబడతాయి. అదే ఆ ఓకే. పెట్టెని ఆర్పితే నాలుగు తీగలూ ఒకేసారి చస్తాయి. పెట్టె ఆర్పేముందు నాలుగు తీగలూ ఊడదియ్యమని చెప్పాలి. ఆ సంగతి దలాసాకు తెలుసు. కొత్తగా చేరిన వాళ్లకు తనే చెప్పేది. ఇవాళ బుర్రలో మోగా ఉన్నాడు.

"సరే. మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ చేస్తే?" అంది ట్రూడీ. అరవలేదు. అరిచినా బాగుండునని దలాసాకు అనిపించింది.

"బూట్ అని కొడితే లేస్తాయి. అప్పుడే పుట్టినట్టు లేస్తాయి. రాత్రి నుంచి విన్నదంతా ఇంకా నోట్లోనే ఉంది, రాయలేదు. అదంతా పోతుంది."

"వేరే దారి?"

"ఒక మాట ఉంది."

ఆ మాట డెస్ చెప్పాడు. ఉద్యోగం మానేసి చేపలు పట్టుకోవడానికి పోయే ముందు, చాలా మాటల మధ్య ఒక మాటగా. ఓకే దగ్గర నిలబడిన యంత్రం చావలేదమ్మా, ఊపిరి బిగబట్టింది. వేరే ఏదీ చెప్పకుండా గో అను. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పోతుంది, ఆగిన సంగతి కూడా దానికి తెలీదు. ఎప్పుడూ పోతుందా అని దలాసా అడిగింది. ఎప్పుడూ కాదు అన్నాడు డెస్. ఆమె ఆ మాట ఎన్నడూ కొట్టి చూడలేదు. నడుస్తున్న యంత్రాన్ని ఊరికే ఆపి ఎవరు చూస్తారు.

ముందు నైగై మీద ప్రయత్నించింది. మోగా ఉత్తరానికి పోయే అవకాశం తక్కువ కనక పోగొట్టుకున్నా ఫరవాలేదని. రెండు అక్షరాలు కొట్టింది. సముద్రం మీద ఎక్కడో మెరుపు మెరిసినట్టుంది, తీగలో చెత్త దూరింది. గో పక్కన పిచ్చి గుర్తులు రెండు కనబడ్డాయి. ఆమె చూసుకునేలోపు వేలు ఎంటర్ మీద పడింది. ఆ మాట తెలియదన్నట్టు నైగై ఒక ప్రశ్న గుర్తు పెట్టి, మళ్లీ ఓకే అంది.

"ఏమంటోంది?"

"నాకు అర్థం కాలేదు, సరిగా చెప్పు అంటోంది."

"ఇదే నయం, మా అమ్మైతే రెండోసారి అడిగితే చెంప మీద ఇచ్చేది" అంది ట్రూడీ. తరవాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వినందుకు.

ఈసారి దలాసా ఒక్కొక్క అక్షరం తిరిగి వచ్చేదాకా చూసి, శుభ్రంగా ఉందని తేల్చుకుని అప్పుడు ఎంటర్ నొక్కింది. గడియారం వెనకబడిందని నైగై ఒక వరుస గొణిగింది. ఇంకో వరుస. తరవాత తన మామూలు పనిలో పడిపోయింది. నిద్రలో పక్కకి తిరిగి పడుకున్న మనిషిలా ఉంది దాని తీరు.

ట్రూడీ పటం వదిలి వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుంది. "సాగెర్" అంది.

సాగెర్‌కి గో అంది దలాసా. రెండు అక్షరాలూ తిరిగొచ్చాయి. ఎంటర్ నొక్కింది. ఏమీ రాలేదు. ఇంకో అక్షరం కొట్టి చూసింది. తిరిగి రాలేదు. ఇంకొకటి. రాలేదు. కిటికీ బయట రేవులో పడవలు తాళ్లు గుంజుకుంటున్నాయి. ఫోనులో ఎలిమో ఏదో అడిగాడు, ఆమె వినలేదు. విమానం ఎటు తిరుగుతోందో, ఊరంతా ఎటు చూస్తోందో, ఆ దిక్కు విన్నదంతా ఆ యంత్రంతో పోయింది.

ట్రూడీ తెర వైపు చెయ్యి చూపింది. "మిగతావి చూడు."

"ఎందుకు, అటు ఎవరూ పోరు."

"చూడు దల్."

కుకి లేచింది. నోట్లో ఉన్నది అక్కడి స్పీకరులో పలకమని దానికి రాసింది. ఎలిమో విని చెప్పాడు, ఒక రొయ్యల పడవ వాడి పాట, ఇంకెవరివో వంట కబుర్లు.

జెయ్ మిగిలింది. దలాసా గో కొట్టే ముందు అరచెయ్యి గౌనుకి తుడుచుకుంది. మొదటి అక్షరం పోయి వచ్చింది. రెండోది పోయి, రావడానికి ఆలస్యం చేసింది. ఆ ఆలస్యంలో ఆమెకు నీళ్లు, పగడపు దిబ్బలు, దిబ్బల మీద నురుగు, వాన కప్పిన వరు కొండ అన్నీ కనబడ్డాయి. వాటన్నిటి మీదుగా ఒక్క అక్షరం నడిచి వస్తోంది. వచ్చింది. ఎంటర్ నొక్కింది.

జెయ్ గడియారం వెనకబడిందని గొణిగింది. కాసేపు ఊరుకుంది. తరవాత ఒక కొత్త వరుస వచ్చింది. *మాట వినబడింది.* ఆ వెంటనే ఇంకో వరుస. *డిస్కు లేస్తోంది, రాస్తున్నాను.*

"మావా, అక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను, నువ్వు నన్ను ఇక్కడ కట్టేసి వదిలేసావు."

"కింద కుడి పక్క యంత్రం. జెయ్. దానికీ ముందు భాగంలో చిన్న స్పీకరు ఉంటుంది, చిల్లులు చిల్లులుగా. ఫోను ముక్క దాని మీద పెట్టి పట్టుకో."

"పట్టాను."

అక్షరాలు వచ్చే తీగ మీద గొంతు ఇక్కడి దాకా రాదు, దానికి అంత వెడల్పు లేదు. కాబట్టి ఆమె ఇక్కడ అక్షరాలతో అడుగుతుంది, అది అక్కడ గొంతుతో చెబుతుంది, ఆ గొంతు ఇంకో తీగలో ఆమె చెవికి వస్తుంది. విన్నది విన్నట్టు వినిపించు అని జెయ్‌కి రాసింది.

ముందు గరగర. తరవాత గాలి. తరవాత చాలా దగ్గరగా, రేడియో మూతికి ఆనించుకున్నట్టు, మోగా.

"...ఎవరైనా ఉన్నారా, నేను మోగాని. మోటారులోకి నీళ్లెక్కాయి. గాలి ఒక పక్కకి, పోటు ఒక పక్కకి. పోటే గెలుస్తోంది, పడమరకి లాక్కుపోతోంది. ఇద్దరం బాగానే ఉన్నాం."

వెనక నుంచి ఇంకో గొంతు. "ఏం బాగు. నా చాపలన్నీ తడిసిపోయాయి. ఆ డబ్బాలో అరిస్తే ఎవరొస్తార్రా, ముందు లంగరు చూడు."

"ఉండు అత్తా, చూస్తున్నా. ఎవరైనా వింటే, కుసర్ దిబ్బకి లంగరు పట్టింది. కదలడం లేదు. బ్యాటరీ ఎర్రబడింది, ఆపేస్తున్నా."

గరగర. అంతే.

ట్రూడీ అప్పటికే రేడియో దగ్గర ఉంది. కుసర్ దిబ్బ నైరుతికి, విమానం తిరుగుతున్నది ఆగ్నేయాన. పైలటుకి ఆమె చెబుతున్న మాటలు దలాసాకు వినబడుతున్నాయి, అర్థం కావడం లేదు. ఎలిమో ఫోనులో ముక్కు చీదాడు.

"ఇన్నావా? జిప్పోరా ఇంకా తిడతానే ఉంది" అన్నాడు. "మరేం బయం లేదు. ఆవిడ తిట్టడం మానేస్తే అప్పుడు బయం."

దలాసా ఇంకోసారి వినిపించమని జెయ్‌కి రాసింది. లంగరు చూడు. చూస్తున్నా. ఎవరైనా వింటే, కుసర్ దిబ్బకి లంగరు పట్టింది. మూడోసారి విన్నప్పుడు ఏదో తేడా తగిలింది. దిబ్బకి అనే మాట వెనక గాలి ఊళ వేస్తోంది. లంగరు అనే మాట దగ్గర గాలి లేదు. గొంతు కూడా బొంగురు పోయింది. ఒక్క మాటకీ దాని పక్క మాటకీ మధ్య గాలి ఎక్కడికి పోతుంది.

ఆమె తెర మీద పాత వరుసలు పైకి జరిపి చూసింది. తను గో అన్న తరవాత వచ్చిన వరుస అక్కడే ఉంది. మాట వినబడింది. ఆ వరుస పాతది కాదు. ఆగి ఉన్నప్పుడు జెయ్ దేన్నీ వినదు. లేచాక, తన కళ్ల ముందు, అప్పటికప్పుడు విన్నది.

"ట్రూడీ" అంది.

"ఉండు, పైలటు లైనులో ఉన్నాడు."

"మోగా ఇప్పుడు మాట్లాడాడు. పొద్దున కాదు. ఇప్పుడు, మనం ఇక్కడ కూర్చునుండగా."

ట్రూడీ తిరిగి చూసింది.

"పొద్దున వాడు చెబుతుంటే, కుసర్ దిబ్బకి అనే మాట దగ్గర నేను మావ చేత పెట్టె ఆర్పించాను. అక్కడ జెయ్ ఆగిపోయింది. దిబ్బకి అన్నాక ఏమని చెప్పాడో, దిబ్బకి కొట్టుకుంటామన్నాడో, దిబ్బకి ఇవతలన్నాడో, అది పోయింది. మిగతాది ఇప్పటిది. లంగరు పట్టింది అన్నది ఇప్పుడు."

"మధ్యలో ఇంతసేపుంది కదా. ఒకే మాటలా ఎలా వినబడింది?"

 దలాసాకు నెమ్మదిగా తెలుస్తోంది. తను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కాలం, సాగెర్ పోయిన కాలం, అక్షరం కోసం ఊపిరి పట్టిన కాలం, ఇదేదీ జెయ్ దగ్గర లేదు. తీగ చచ్చినప్పుడు సగం వాక్యం నోట్లో పెట్టుకుని నిలబడింది. పొమ్మన్నాక మిగతా సగం కోసం చెవి పెట్టింది. దొరికింది దొరికినట్టు పక్కన చేర్చింది. వాడు అక్కడ వానలో, ఎప్పుడో ఆగిన మాటకి మిగతాది చెబుతున్నానని తెలియకుండా చెప్పాడు. రెండూ కలిసి నిజమే అయ్యాయి.

జెయ్ స్పీకరుని ఇక మూయవద్దని, విన్నది వెంటనే పలకమని రాసింది. "మావా, ఆ ఫోను అక్కడే పట్టుకో. చెయ్యి నొప్పి పుడితే మార్చుకో."

"నొప్పి నాకు తెలీదులే. నువ్వు తిన్నావా?"

"లేదు."

"నా దగ్గర డంపర్ రొట్టె ఉంది, ఏం లాభం. నీ తీగల్లోంచి పంపుదామంటే ముక్కలైపోద్ది."

మధ్యాహ్నానికి మబ్బు విరిగి కుసర్ దిబ్బ మీద ఎండ పడిందని పైలటు చెప్పాడు. ముందు పూల గుడ్డలు కనబడ్డాయట, పడవ అంచుల మీద ఆరేసి. ఆ పక్కనే ఒక మనిషి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు, ఒక మనిషి కూర్చుని ఊపడం లేదు. కూర్చున్న మనిషి సంగతి విని ఎలిమో ఫోనులో నవ్వాడు. ట్రూడీ పటం మడవకుండా అట్లాగే వదిలేసి, బయటికి పోయి, గోడ నీడలో కాసేపు ఒంటరిగా నిలబడి వచ్చింది.

వచ్చేసరికి దలాసా తెర ముందే ఉంది. సాగెర్‌కి బూట్ కొట్టింది, అది వరుస వెంట వరుసగా తనని తాను లెక్కపెట్టుకుంటూ లేస్తోంది. జ్ఞాపకం ఎంత, డిస్కు ఎక్కడ, గడియారం ఎంత, నేనెవరు. రాత్రి సంగతి ఒక్కటి కూడా దానికి లేదు. అది అయ్యాక ఆమె జెయ్‌ని ఇమ్మని పెట్టెని అడిగింది. ఒక అక్షరం కొట్టింది. ఏ అక్షరమో ఆమె చూసుకోలేదు. అది తిరిగి వచ్చేదాకా చూస్తూ కూర్చుంది.